చూడని పనివాడు

సింధువార రాజ్యం పొలిమేర దాటిన పదకొండో రోజున కూడా తిప్పనను ముందుగా పలకరించింది మనిషి కాదు, ఒక గొరవంక.

"బోర్లించిన గంగాళం! బోర్లించిన గంగాళం!" అని అది ఊరి కోటగుమ్మం మీద కూర్చుని గొంతు చించుకుంటోంది.

గుమ్మం లోపల ఆ ఊరి గజఈతగాళ్ళ పెద్ద అరుగు మీద కాళ్ళు చాపుకుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. తిప్పన ఇంకా నోరు తెరవనే లేదు, ఆయనే అందుకున్నాడు.

"ఏం అబ్బీ, నీటి అడుక్కి దిగి బతికి ఎలా రావాలనేగా అడగొచ్చావు? ఓస్, గంగాళం బోర్లించుకుని పోవడమే. లోపల గాలి ఉంటుందిగా! ఈమాత్రం దానికి ఇంతదూరం నడిచొచ్చావా? కూర్చో, మజ్జిగ తాగి పోదువుగాని."

తిప్పన మజ్జిగ తాగాడు, దండం పెట్టాడు, వెనక్కి తిరిగాడు. అలా తిరగడం అది తొమ్మిదోసారి. ఊరు దాటాక ఒక రాయి తీసి గొరవంక మీదికి విసరబోయి, దాని తప్పేముందని ఊరుకున్నాడు. నేర్పినవాడు వేరే ఉన్నాడు.

ఆ నేర్పినవాడి సంగతీ, తిప్పన తిరుగుడు సంగతీ ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. తిప్పన రాజకుమారుడు కాడు. నీలగర్భ సరస్సులో మునిగి ముత్యపుచిప్పలు ఏరే ఈతగాళ్ళ ఇంట పుట్టినవాడు. ఆ సరస్సు పొద్దున పద్మరాగం, మధ్యాహ్నం ఇంద్రనీలం, సాయంకాలం కరిగించిన మేలిమి బంగారం. ఒడ్డు పొడుగునా కడిమిచెట్లు, మొగలిపొదలు, తామరాకుల మీద అడుగులేసే నీటికోళ్ళు, అలల మీద తూగే రాజహంసల బారులు. ఇంత అందం పైపైనే. అడుగున మునిగిన పట్టపునౌకలో రాజవంశపు కిరీటం ఉంది, దానికోసం దిగిన పదిహేడుమంది గజఈతగాళ్ళ ఎముకలున్నాయి. ఒకడు నిలువెత్తు రెల్లుగొట్టం నోట కరుచుకుని దిగాడు. ఒకడు ముక్కుకు మైనం పెట్టుకుని దిగాడు. పదిహేడోవాడు గాలి నింపిన తోలుతిత్తి నోటికి కట్టుకుని దిగాడు. వాడు తిప్పనకు అన్న, పేరు పోలన. తల్లీ తండ్రీ లేని తిప్పనకు లోకంలో ఉన్న ఒకే ఒక్క మనిషి.

ఆ తర్వాత ఏడేళ్ళు తిప్పన ఒడ్డున పాక వేసుకుని ఒక్కడే బతికాడు. పిలిచేవాళ్ళు లేరు, పిలిస్తే పలికేవాడూ కాడు. చివరికి ఒకనాడు తోముతున్న కుండను బోర్లా నీళ్ళలోకి అదిమితే అది అతని చేతిని వెనక్కి నెట్టింది. అంతకుముందు వెయ్యిసార్లు నెట్టి ఉంటుంది. ఆ రోజే ఎందుకు అర్థమైందో తిప్పనకు ఈనాటికీ తెలియదు. పెద్ద గంగాళానికి రాళ్ళు కట్టి, దాని కింద తల పెట్టుకుని అడుక్కి దిగాడు. కిరీటం తెచ్చాడు. అన్న నడుమునున్న వెండి మొలతాడు కూడా తెచ్చుకుని తన నడుముకు కట్టుకున్నాడు.

సింధువారంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికీ తట్టని పనిముట్టు చేసినవాడికి కొత్తపనుల కొలువు శాసనం ఇస్తుంది. పద్నాలుగేళ్ళ వరకు అతని అనుమతి లేకుండా దాన్ని ఎవరూ వాడకూడదు. అయితే ముందుగా ఆ వృత్తిలో ఆరితేరిన అయిదుగురిని ఒక గదిలో పెట్టి, పనిముట్టు చూపించకుండా, అది తీర్చిన చిక్కు మాత్రం చెప్పి, మీరైతే ఎలా చేస్తారో గీయమంటారు. ఒక్కరైనా అదే గీస్తే శాసనం లేదు. మూడు తరాలుగా తప్పని ఆచారం ఇది. కాని కిరీటం చూడగానే వజ్రకేయూర మహారాజుకు ఒళ్ళు తెలియలేదు. వసంతోత్సవం నాడు ఊరందరి ముందూ తిప్పన చేత గంగాళం దింపించాడు. ఆ అయిదుగురు పెద్దలూ ముందువరసలో కూర్చుని చెరుకుముక్కలు నములుతూ చూశారు. మర్నాడు వాళ్ళనే తీర్పు చెప్పమన్నారు.

"ఓస్, ఇంతేగా!" అన్నాడు ఆ అయిదుగురిలో ఒకడైన కంచరివాళ్ళ పెద్ద విస్సన. "మా ఇంట్లో పొద్దుటే లేచి బోర్లించేవి గంగాళాలే కదయ్యా. ఇందులో కొత్తేముంది?"

"మరి పదిహేడుమంది చచ్చిపోతుంటే ఆ ముక్క ఎందుకు చెప్పలేదు మావా?" అన్నాడు తిప్పన.

విస్సన చెడ్డవాడు కాడు. నిజంగానే ఆలోచించాడు. "అప్పుడు నా బుర్ర అటు పోలేదురా. పోయుంటే చెప్పేవాణ్ణే. ఇట్టే తట్టే విషయం అది" అన్నాడు.

కొలువులో వెనకవరసలో పండితుడి వేషంలో నిలబడ్డ ఒకడు, "నాకు చిన్నప్పుడే తెలుసు" అని నవ్వాడు. ఆ నవ్వుతో పాటు నోట్లోంచి పొగ వచ్చింది. వాడు ధూమ్రజిహ్వుడు, మూడువందల ఏళ్ళ మాంత్రికుడు. నీలగర్భం అడుగున వరుణశిల అనే బండ ఉంది. దాని పక్కన కూర్చుని నూటొక్కసారి మంత్రం జపిస్తే బండ లేచి కింది అమృతం దక్కుతుంది. పై సరస్సు మాత్రం కట్టలు తెంచుకుని ముప్పైరెండు ఊళ్ళను ఊడ్చుకుపోతుంది. నీళ్ళలో నోరు తెరిచి జపించడం కుదరక మూడువందల ఏళ్ళుగా ఒడ్డున పళ్ళు నూరుకుంటూ ఉన్నవాడు వాడు. గంగాళం కింద కూర్చుంటే ఎంచక్కా జపించుకోవచ్చు. శాసనం తిప్పన పేర ఉంటే రాజుగారి కావలివాళ్ళు వాణ్ణి గంగాళంతో ఒడ్డుకే రానివ్వరు. లేకపోతే గంగాళం అందరిదీ, ఆ అందరిలో వాడూ ఒకడు.

మంత్రి శంఖపాలుడు ఆ పొగ చూసి వాణ్ణి గుర్తుపట్టి, ఆ రోజే తిప్పనను పక్కకు పిలిచి వాడి ఎత్తు చెప్పాడు. "నాయనా, ఆ పెద్దలు అబద్ధం ఆడటం లేదు. అదే కష్టం. ఒకసారి చూసిన మనిషి, చూడకముందు తనకేం తెలుసో మళ్ళీ గుర్తు తెచ్చుకోలేడు. చూసిందంతా ముందునుంచే తన తలలో ఉన్నట్టు ఉంటుంది. శాసనగ్రంథంలో నీకు ఒక్క దారి మిగిలి ఉంది. నీటి పనిలో నీకు తీసిపోనివాడు, నీ గంగాళం చూడనివాడు, దాని మాట విననివాడు, ఒక్కడంటే ఒక్కణ్ణి వెతుకు. చిక్కు మాత్రం చెప్పు. మూడు రోజులు ఆలోచించుకోనిచ్చి, వాడు గీసిన ఆకును ఈ రాగిగొట్టంలో పెట్టి, లక్క పోసి, వాడి వేలిముద్ర వేయించు. వచ్చే పున్నమిలోపల తే, ఆలోగా ఎవరూ గంగాళం దించకుండా సరస్సుకు కావలి ఉంటుంది. అంతవరకు నీ పని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనకు."

అదీ సంగతి. తిప్పన ఊరు దాటకముందే మాంత్రికుడు వెయ్యి గొరవంకలకు ఆ రెండు మాటలూ నేర్పి నాలుగు దిక్కులా వదిలాడు. అవి తిప్పన కన్నా ముందు చేరని ఊరు లేదు.

రెల్లుకోట చెరసాలలో పాతికేళ్ళుగా వెలుగు చూడని ఓడల ఈతగాడు ఒకడున్నాడని తెలిసి తిప్పన క్షురకుడి వేషం వేశాడు. పెట్టుడు మీసం, చంకలో కత్తులు పెట్టుకునే కొయ్యపొది. ఏడు గుమ్మాలు దాటి, నూరు మెట్లు దిగి, ఆ ఖైదీ ఎదుట కూర్చుని గడ్డానికి నీళ్ళు రాస్తూ చెవిలో చిక్కు చెప్పాడు.

"గంగాళం సంగతేనా?" అన్నాడు ఖైదీ. "నిన్న కావలివాడు చెప్పాడులే. నాకెప్పుడో తట్టేది నాయనా, ఈ కొట్లో గంగాళం లేకపోబట్టి గాని!"

నవ్వాలో ఏడవాలో తెలియక తిప్పన తల ఎత్తాడు. చెమటకు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. "దొంగ! పట్టుకోండి!" అని కేక వినబడింది. మంగలికత్తితో ఒక బల్లెం మొన నరికి, ఇంకొకడి ముఖాన కుంకుడుకాయ నీళ్ళు కొట్టి, నూరు మెట్లూ మూడేసి చొప్పున ఎక్కి, కోటగోడ మీద బాణాల మధ్య పరుగెత్తి, ముప్పై మూరల ఎత్తునుంచి కందకంలోకి దూకాడు. నోరు తెరిచి వచ్చిన మొసలి దవడల మధ్య పొదిని నిలువుగా దూర్చి, దాని వీపు మీదుగానే అవతలి గట్టుకు పాకాడు. గట్టెక్కి పడుకుని ఆయాసం తీర్చుకుంటుంటే అతనికి గాయాల బాధ కన్నా ఇంకొకటి ఎక్కువగా తెలిసింది. ఇంత జరిగినా చెప్పుకోవడానికి మనిషి లేడు. ఉన్నా చెప్పకూడదు.

తర్వాత నాలుగు రోజులు ఉప్పుబీడు. కంటికి ఆనినంత మేరా తెల్లటి నేల, తెల్లటి ఎండ, నీడ అన్నది తనదొక్కటే. ఊరికే మాట కోసం తిప్పన నడుముకున్న మొలతాడుతో మాట్లాడుకుంటూ నడిచాడు. నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం ఎదురుగా ఎవరో నిలబడ్డారు. అదే ఎత్తు, అదే వంకర నవ్వు, భుజాన అదే వల. పోలన.

"తమ్ముడూ! ఎంత చిక్కిపోయావురా! రా, ఇటు రా, ఇక్కడ నీళ్ళున్నాయి."

తిప్పన కాళ్ళు వాటంతట అవే కదిలాయి. ఏడేళ్ళుగా ఆ గొంతు వినని మనిషి మరేం చేస్తాడు? పది అడుగుల దూరంలో నేల మెత్తబడటం తెలుస్తూనే ఉంది. అయినా నడిచాడు.

"కిరీటం తెచ్చావటగా! గంగాళం బోర్లించి దిగావట! ఓస్, అది నాకు తెలిసిందేగా, నేనూ అలాగే దిగుదామనుకున్నా."

తిప్పన ఆగిపోయాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "మా అన్నకు తెలిసుంటే చచ్చిపోయేవాడు కాదురా" అంటూ వంగి గుప్పెడు ఉప్పు తీసి దాని ముఖాన కొట్టాడు. పోలన రూపం చిరిగి నల్లటి పొగ అయి, తిట్టుకుంటూ ఆకాశానికి లేచింది. కాలి ముందు ఊబి నోరు తెరుచుకుని ఉంది. తిప్పన దాని అంచున చాలాసేపు కూర్చుని ఏడ్చాడు. అది దొంగ అన్న అని తెలిసినా, ఇంకో రెండు మాటలు మాట్లాడనిస్తే బాగుండేదనిపించింది.

ఉప్పుబీడు దాటితే మూగమడుగు. చుట్టూ ఆమడ దూరం రెల్లు, ఆ రెల్లులోంచి లేచే ఆవిరికి పిట్టలు మత్తెక్కి రాలిపోతాయి కనుక అక్కడ రెక్కల చప్పుడే ఉండదు. నీళ్ళు పచ్చల పలకలా కదలకుండా ఉంటాయి. ఆ పలక కింద తీగలతీగల నాచు అడవిలా పెరిగి ఉంది. దిగిన ఒంటి మనిషిని చుట్టుకుందంటే వదలదు. మడుగు నడుమ ఒక పెద్ద తెప్ప లంగరు వేసి ఉంది. దాని మీద గిలక, తాళ్ళు, వలలో కట్టిన రాళ్ళు, గుగ్గిలం కరిగించుకునే ఒక పాత రాగి గంగాళం, వాటి మధ్య తెల్లటి జడలు కట్టిన ఒక ముసలివాడు.

గొరవంక ఎగరలేని చోట మనిషి ఉన్నాడు! తిప్పన ఈదుకుంటూ పోయి తెప్ప పట్టుకున్నాడు.

"ఎవరురా నువ్వు? నిజం మనిషివేనా?" అని ముసలివాడు అతని ముఖం తడిమి చూశాడు. ఆయన పేరు బయ్యన. ఒకప్పుడు ఏడు రాజ్యాల ఈతగాళ్ళకు గురువు. "నా చిన్నకొడుకు ఈ మడుగులో మునిగితే, వాణ్ణి తీస్తానని పెద్దవాడు దిగాడు. నలభై ఏళ్ళయింది నాయనా. అప్పటినుంచి ఇక్కడే ఉన్నా. మనిషితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో" అన్నాడు.

తిప్పన చిక్కు చెప్పాడు. "మనిషి నీటి అడుక్కి దిగాలి తాతా. రెండు ఘడియలు ఉండాలి. ప్రాణంతో పైకి రావాలి. మంత్రం పనికిరాదు. ఎలా?"

బయ్యన నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "నలభై ఏళ్ళుగా నన్ను నేను అడుక్కుంటున్నది అదేరా" అన్నాడు.

మూడు రోజులు ఆ ముసలి చేయి తాటాకుల మీద గీస్తూ, చెరుపుతూ ఉంది. రెండోనాడు మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టుకుంది. బయ్యన లేచి, గంగాళాన్ని లాగి తన మీద బోర్లించుకుని, అంచు కాస్త ఎత్తి, "రా అబ్బీ, నువ్వూ దూరు, తడిసిపోతావు" అని పిలిచాడు. మోకాళ్ళూ మోకాళ్ళూ తగిలేలా ఇద్దరూ ఆ రాగి కప్పు కింద ముడుచుకు కూర్చున్నారు. నాలుగు పక్కలా నీళ్ళు, నడుమ వెచ్చటి గాలి. ముసలివాడు ఆ గాలే పీలుస్తూ, దిగడం ఎలా, దిగడం ఎలా అని గొణుక్కుంటున్నాడు. తిప్పన నెత్తురు వచ్చేదాకా నాలుక కొరుక్కున్నాడు.

"ఏంరా వణుకుతున్నావు? చలా?"

"అవును తాతా, చలే."

మూడోనాడు పొద్దు వాలేసరికి బయ్యన ఆకు మీద బొమ్మ పూర్తిచేశాడు. గాలి నింపిన తోలుతిత్తి, దాన్నుంచి నోటికి రెల్లుగొట్టం, కాళ్ళకు రాళ్ళు. "ఇంతకు మించి దారి లేదు. బ్రహ్మదేవుడు వచ్చినా ఇంకో దారి చెప్పలేడు" అన్నాడు. తిప్పన ఆకును రాగిగొట్టంలో పెట్టి లక్క పోశాడు. ముసలి బొటనవేలు దాని మీద దిగబడింది. పున్నమి ఇంకా ఆరు రోజులుంది, తిన్నగా ఇంటికి పోతే దారి అయిదు రోజులది. ముప్పైరెండు ఊళ్ళ ప్రాణాలు ఆ జానెడు గొట్టంలో పడ్డాయి.

మర్నాడు పొద్దున తిప్పన మొహం కడుక్కుని వచ్చేసరికి బయ్యన తిత్తి కట్టుకుని, కాళ్ళకు రాళ్ళు బిగించుకుని నిలబడి ఉన్నాడు.

"తాతా! వద్దు! మా అన్న ఆ తిత్తితోనే పోయాడు! ఇంకో దారి ఉంది, చెప్తా, ఆగు!"

"మీ అన్నకు కట్టడం చేతకాలేదేమోరా. నలభై ఏళ్ళలో మొదటిసారి తాడు పట్టేందుకు ఒక మనిషి దొరికాడు. ఇవాళ దిగకపోతే ఇంకెప్పుడు దిగుతాను? పట్టుకో!" అని తాడు అతని మీదికి విసిరి దూకేశాడు.

తాడు బారలు బారలుగా జారిపోయింది. ఒకసారి గట్టిగా గుంజింది. తర్వాత సడలింది. తిప్పన లాగితే నాచులో చిక్కి రాలేదు. ఇక ఆలోచించడానికేమీ లేదు. గంగాళంలోని గుగ్గిలం బయటికి కుమ్మరించాడు, వలలోని రాళ్ళన్నీ దాని చెవులకు తగిలించాడు, దాన్ని బోర్లా నీళ్ళలోకి తోసి కింద తల దూర్చాడు. రాగి బరువుకు నాచు పక్కలకు చీలిపోయింది. దిగేకొద్దీ నీళ్ళు గంగాళంలోకి ఎగబాకి గడ్డాన్ని తాకాయి. చెవులు హోరెత్తాయి. అడుగున తీగల్లో వేలాడుతున్న ముసలివాణ్ణి జడ పట్టి లాగి, కత్తితో తీగలు తెంచి, ఆ తల తన తల పక్కన గంగాళంలోకి ఎత్తాడు. బయ్యన ఒక్కసారి దగ్గి, కక్కుకుని, గాలి పీల్చాడు. తిప్పన రాళ్ళ తాళ్ళు కోసేశాడు. గంగాళం బాణంలా పైకి లేచింది.

తెప్ప మీద చాలాసేపటికి బయ్యన కళ్ళు తెరిచాడు. గంగాళాన్ని చూశాడు, నీళ్ళను చూశాడు. ముఖం విప్పారింది. తిప్పనకు సంతోషం పట్టలేదు. ఇన్నాళ్ళూ తనొక్కడే మోసిన సంగతిని అర్థం చేసుకోగల మనిషి ఎదుట ఉన్నాడు.

"చూశావా తాతా!"

"చూసేదేముందిరా" అన్నాడు బయ్యన నెమ్మదిగా. "నేనూ ఇదే చేద్దామనుకుంటున్నా. నువ్వు తొందరపడ్డావు గాని, రేపో ఎల్లుండో దించేవాణ్ణి."

తిప్పన నవ్వులాట అనుకున్నాడు. ముసలివాడి కళ్ళలోకి చూశాడు. అందులో వంచన లేదు, పసిపిల్లాడి కళ్ళలా తేటగా ఉన్నాయి. ఏడు గుమ్మాల చెరలో, ఉప్పుబీడు ఎండలో కూడా తిప్పన ఇంత ఒంటరి కాలేదు.

"ఆకు మీద గీసింది తిత్తి కదా తాతా?"

"చెయ్యి తప్పింది. ఏళ్ళ తరబడి ఇదే గంగాళం నెత్తిన బోర్లించుకుని వానలో కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదంటావా? ఆ గొట్టం ఇటివ్వు. లక్క పగలగొట్టి సరిగ్గా గీసిస్తా. ఏడు రాజ్యాల గురువు తిత్తి గీశాడంటే నలుగురూ నవ్వరూ?"

"తాతా, ఆ తప్పు బొమ్మే నాకు కావాలి. దానిమీద ముప్పైరెండు ఊళ్ళు..."

"నాకు తెలిసిందాన్ని తెలియదని చాటమంటావా?"

తిప్పనకు దుఃఖంలో మాట జారింది. "తెలిసుంటే నీ కొడుకుల్ని ఎప్పుడో పైకి తెచ్చుకునేవాడివి తాతా!"

అనకూడనిదని అన్నాక తెలిసింది. బయ్యన ముఖం నల్లబడింది. గబుక్కున వంగి తిప్పన మూట దగ్గరున్న రాగిగొట్టం తీసి మడుగులోకి విసిరేశాడు. పచ్చటి నీళ్ళు ఒకసారి గుండ్రంగా కదిలి ఊరుకున్నాయి.

దక్షిణపు రెల్లు మీదుగా సన్నటి నల్లపొగ ఒకటి మెల్లగా ఇటే వస్తోంది. తిప్పన దాన్ని చూశాడు. రాళ్ళన్నీ అడుగున పడిపోయాయి. మిగిలింది తెప్ప లంగరురాయి ఒక్కటే. దానికి ఇనుపగొలుసు. కోసి తేలిపోవడానికి కుదరదు, పైనుంచి గిలక తిప్పితేనే పైకి రావాలి. తిప్పే చేయి ఒక్కటే ఉంది. ఆ గొట్టం బయటికి వస్తే తలవంపులయ్యేది ఆ చేతికే.

తిప్పన గిలక తిప్పి లంగరురాయిని పైకి లాగి గంగాళానికి బిగించాడు. సైగతాడు నడుముకు చుట్టుకున్నాడు.

"లాగుతావా తాతా?"

బయ్యన అటు తిరిగి కూర్చున్నాడు. తిప్పన గిలక పిడిని ఆయన పక్కకు తిప్పి పెట్టి, నీళ్ళలోకి దిగాడు.

అడుగున చీకటి. గంగాళంలో తన ఊపిరి చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. కాళ్ళతో బురద తడుముతూ తిరిగాడు. గొట్టం కన్నా ముందు కాలివేళ్ళకు ఇంకేవో తగిలాయి. చేత్తో తీశాడు. రెండు కడియాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఒక్కచోటే ఉన్నాయి, ఒకరినొకరు పట్టుకున్నవాళ్ళ చేతులవి. ఇంకో నాలుగు అడుగుల్లో రాగిగొట్టం దొరికింది. లక్క చెక్కుచెదరలేదు.

పైకి పంపడానికి ఉన్నది ఒక్క సైగతాడు. గొట్టం కట్టి పంపితే ముసలివాడు మళ్ళీ విసిరేస్తాడు. గొట్టం తన దగ్గరుందని సైగ చేస్తే గిలక తిప్పడేమో. కడియాలు దగ్గర పెట్టుకుని, నన్ను లాగితే నీ కొడుకుల్ని ఇస్తానని బేరం పెట్టవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తిప్పనకు సిగ్గేసింది. పైనున్నవాడు నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నది ఈ రెంటి కోసమే. అన్న మొలతాడు చేతికందిన రోజు తనెలా ఏడ్చాడో తిప్పనకు తెలుసు.

నడుముకున్న సైగతాడు విప్పి, రెండు కడియాలూ దానికి కట్టి, మూడుసార్లు గుంజాడు. తాడు కాసేపు ఊరుకుంది. తర్వాత జానెడు జానెడుగా పైకి పోయి, చీకట్లో కలిసిపోయింది.

ఇప్పుడతనికి పైలోకంతో ఉన్నది ఆ గొలుసు ఒక్కటే. నీళ్ళు పెదవుల దాకా వచ్చాయి. గాలి వేడెక్కి చేదెక్కుతోంది. పైన ఒక ముసలివాడు కడియాలు గుండెకు అదుముకుని ఏడుస్తుంటాడని, ఏడ్చి ఏడ్చి చివరికి గిలక దగ్గరికి వస్తాడని తిప్పన నమ్మాడు. అంతలో ఆ నల్లపొగ తెప్పను చేరి ఆ ముసలి చెవిలో ఏం చెబుతుందో అతనికి తెలియదు. గొట్టాన్ని పళ్ళ మధ్య కరుచుకుని, రెండు చేతులా గొలుసు పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి గొలుసు ఒక్కసారి బిగిసింది. మూరెడు పైకి లేచింది. లేచి, ఆగిపోయింది.